సాక్షి ఋణం

పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 అనే ప్రభుత్వ పత్రంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ పరిమితుల అంకెల నడుమ ఒకచోట చేప కనిపిస్తుంది. ఫ్యాక్టరీ బయటికి వదిలే వ్యర్థజలాన్ని మంచినీళ్ళేవీ కలపకుండా తొట్టిలో పోసి అందులో చేపలను వదలాలి. 96 గంటలు గడిచాక నూటికి 90 బతికి ఉండాలి. ఉంటే ఆ నీరు నియమానికి లోబడినట్టు, లేకుంటే తప్పినట్టు. చదివి పక్కన పెట్టేయదగిన సాంకేతిక వివరంగా కనిపించే ఈ ఒక్క నియమంలో ధర్మానికి సంబంధించిన పెద్ద ప్రశ్న దాగి ఉంది. మన తప్పు ఎంతటిదో తెలుసుకోవడానికి ఇంకో ప్రాణి దేహాన్ని సాక్ష్యంగా వాడుకునే హక్కు మనకు ఉందా? ఉందనుకుంటే, సాక్ష్యం చెప్పిన ఆ ప్రాణికి మనం ఏం బాకీ పడతాం? నేను చెప్పదలచుకున్నది ఇది: ఆ హక్కు షరతు మీద వచ్చేదే. విన్న సాక్ష్యం మీద నడుచుకుంటేనే అది హక్కు. విని ఊరుకుంటే ఆ పరీక్ష కూడా హింసే, అదీ జ్ఞానం పేరుతో చేసిన హింస.

ఈ ప్రశ్న వేయడానికి సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు ప్రాంతం కన్నా తగిన చోటు మన దేశంలో అరుదు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి వరుసగా పారిశ్రామికవాడలయ్యాయి. రసాయనాలు, పురుగు మందులు, అన్నిటికన్నా మించి మందుల తయారీకి మూలమైన బల్క్ డ్రగ్స్ ఇక్కడ తయారవుతాయి. ఇక్కడి నీళ్ళు ఇస్కవాగు, పాములవాగు, నక్కవాగుల గుండా మంజీరలో కలుస్తాయి. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పరిశ్రమల వ్యర్థజలాలను ఒకేచోట శుద్ధి చేయడానికి 1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ లిమిటెడ్ అనే ఉమ్మడి కేంద్రం మొదలైంది. 2007లో యోకిమ్ లార్సన్, ఆయనతో పాటు పనిచేసిన స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల నీళ్ళు అక్కడికి చేరేవి. 59 రకాల మందుల కోసం వెతికితే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు దొరికింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. ఆ లెక్కన రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ నీటిలో కలిసిపోతోందని వారు అంచనా కట్టారు.

ఇంత స్పష్టంగా యంత్రమే లెక్క చెప్పగలిగినప్పుడు చేప ఎందుకు అని అడగవచ్చు. ఇది మొదటి ఆక్షేపణ, బలమైనదే. జవాబు ఆ పరీక్షల స్వభావంలోనే ఉంది. యంత్రం మనం అడిగిన పదార్థం గురించే చెబుతుంది. 59 మందుల కోసం వెతికితే 59 మందుల లెక్క వస్తుంది. అరవయ్యోది అక్కడే ఉన్నా అది నోరు విప్పదు. పటాన్‌చెరు నీటిలో ఏయే పదార్థాలున్నాయో మొత్తం పట్టిక ఎవరి దగ్గరా లేదు. ద్రావకాలు, మధ్యంతర రసాయనాలు, లవణాలు, మందుల అవశేషాలు కలిసి చేసే పని వాటిని విడివిడిగా కొలిస్తే తెలిసేది కాదు. ప్రాణి దేహం మాత్రం అడగని ప్రశ్నకు కూడా జవాబు చెబుతుంది. అదే కేంద్రపు నీటిని 500 పాళ్ళలో ఒక పాలుగా, అంటే 0.2 శాతంగా పలుచన చేసి కప్ప పిల్లలను అందులో పెంచితే వాటి ఎదుగుదల సుమారు 40 శాతం తగ్గిందని 2009లో వెలువడిన పరిశోధన చూపింది. అంతే పలుచన చేసిన నీటిలో ఉంచిన రెయిన్‌బో ట్రౌట్ చేపల కాలేయంలో విషాన్ని విరిచే ఎంజైముకు సంబంధించిన జన్యువు ఎక్కువగా పనిచేయడం మొదలుపెట్టింది. చేప చనిపోలేదు, కానీ దాని కాలేయం తనలోకి ఏదో చొరబడిందని చెప్పింది. చావు కన్నా ముందే వచ్చే ఈ సాక్ష్యమే అసలైన విలువ గలది. చచ్చి తేలిన చేప జరిగిపోయిన నేరం గురించి చెబుతుంది. బతికున్న చేప కాలేయం, పైత్యరసం, మెదడులోని ఎంజైములు జరుగుతున్నదాన్ని చెబుతాయి.

చేప ఈదుతుంది. ఇవాళ ఇక్కడుంటుంది, రేపు మడుగు మారుతుంది. ఏ మోరీ దగ్గర విషం దిగుతోందో చెప్పాలంటే కదలని సాక్షి కావాలి. అది మంచినీటి ఆల్చిప్ప. బురదలో సగం పాతుకుని, నీటిని లోపలికి పీల్చి వడగట్టి, తిండి మిగుల్చుకుని, మిగతాది బయటికి వదలడమే దాని బతుకు. చేప కాలేయం చాలా రసాయనాలను విరిచేస్తుంది. ఆల్చిప్పకు ఆ శక్తి తక్కువ కాబట్టి వచ్చింది వచ్చినట్టు దాని మాంసంలో పేరుకుంటుంది. నీటిలో యంత్రానికి అందనంత తక్కువగా ఉన్న పదార్థం కూడా నెలల తరబడి చేరి అక్కడ కొలతకు అందుతుంది. 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త సముద్ర తీరాలను ఆల్చిప్పల ద్వారా గమనించాలని ప్రతిపాదించాడు. 1986 నుంచి అమెరికా తన తీరాల వెంట ఆ పని చేస్తూ వస్తోంది. పోలండ్ రాజధాని వార్సాలో విస్తులా నది నీటిని ఊరికి ఇచ్చే కేంద్రంలో ఎనిమిది ఆల్చిప్పల మీద సెన్సర్లు అమర్చారు. నీరు చెడితే అవి చిప్పలు మూసుకుంటాయి, వెంటనే హెచ్చరిక మోగుతుంది. ఒక మహానగరం తాగే నీటికి ఎనిమిది చిన్న ప్రాణుల స్పర్శను ఆధారంగా ఒప్పుకున్నారంటే, ఆ స్పర్శను జ్ఞానంగా ఒప్పుకున్నట్టే.

మన నేలకు ఈ ఆలోచన కొత్తది కాదు. పటాన్‌చెరును చరిత్రకారులు పొట్టలకెరెగా గుర్తించారు. పదకొండో శతాబ్దంలో పశ్చిమ చాళుక్య రాజు రెండవ జయసింహుడి ఏలుబడిలో అది ప్రముఖ నగరం, జైనులకు పెద్ద కేంద్రం. ఆ ఊళ్ళో దొరికిన తీర్థంకర విగ్రహాలే సాక్ష్యం. జైన తత్వం జీవులను ఇంద్రియాల లెక్కన వరుసలో పెట్టింది. శంఖం, చిప్పలలో ఉండే జీవులకు రెండు ఇంద్రియాలు: స్పర్శ, రుచి. చేపకు అయిదు. అంటే ఆల్చిప్పకు ప్రపంచమంతా తాకడం, రుచి చూడడమే. విషపు నీటికి దానంత నిఖార్సైన సాక్షి ఇంకెవరు? అయితే జైనులు ఈ వరుసను తక్కువ ఇంద్రియాల జీవిని తక్కువగా చూడడానికి పెట్టలేదు. రెండు ఇంద్రియాలున్నా జీవమేననీ, నీటి బొట్టులోనూ జీవముందనీ గుర్తుచేయడానికి పెట్టారు. నీళ్ళను బట్టతో వడగట్టి తాగే జైన గృహస్థులు, బట్ట మీద మిగిలిన జీవాలను అవి వచ్చిన నీటిలోకే తిరిగి వదలాలని ఆచారం పెట్టుకున్నారు. వడగట్టడం మన అవసరం, తిరిగి వదలడం మన బాధ్యత. రెండో పని చేయనివాడికి మొదటి పని చేసే అర్హత లేదన్నది ఆ ఆచారం చెప్పే న్యాయం.

చేప సాక్ష్యం నమ్మదగినదేనా అన్నది రెండో ఆక్షేపణ. చెరువులో చేపలు చచ్చినప్పుడల్లా, ఎండకు నీటిలో ప్రాణవాయువు తగ్గి చచ్చాయి, రోగం తగిలి చచ్చాయి అనే వివరణ ఎవరో ఒకరు ఇస్తారు. 2017 అక్టోబరులో గడ్డపోతారం పక్కనున్న గండిగూడెం చెరువులో గుట్టలుగా చేపలు చచ్చి తేలినప్పుడు కూడా, మత్స్యకారుల నష్టం కళ్ళెదుట కనిపిస్తూనే ఉన్నా, కారణం ఎవరి మీద నిలపాలన్నది చిక్కు ప్రశ్నే అయింది. ఈ అనుమానాన్ని తోసేయకూడదు. పొగను చూసి నిప్పు ఉందని ఊహించే అనుమాన ప్రమాణాన్ని వందల ఏళ్ళు పరిశీలించిన న్యాయ దర్శనం, మధ్యలో ఉపాధి అనే ఇంకో కారణం దూరి ఉండవచ్చని హెచ్చరించింది. ఆ ఉపాధి ఉందో లేదో పరీక్షించాకే నిర్ణయానికి రావాలి. ఇక్కడ ఆ పరీక్ష మన చేతిలోనే ఉంది. కొర్రమట్ట నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగల చేప. ప్రాణవాయువు తగ్గిన నీటిలో బొచ్చె, రోహు చచ్చినా అది బతకగలదు. అన్నీ కలిసి చస్తే ప్రాణవాయువు వివరణ బలహీనపడుతుంది, విషం మీద అనుమానం బలపడుతుంది. పైన ఉన్న చెరువులోనూ, మోరీ దగ్గరా, దాని దిగువనా బోనుల్లో ఆల్చిప్పలను ఉంచి పోల్చితే ఎండ అన్నిచోట్లా ఒక్కటే, విషం మాత్రం ఒక్కచోటే తేడా చూపుతుంది. సాక్షిని అనుమానించడం తప్పు కాదు. అనుమానాన్ని తీర్చే పరీక్ష చేయకుండా, అనుమానాన్నే తీర్పుగా చలామణి చేయడం తప్పు.

మూడో ఆక్షేపణ కరుణ నుంచి వస్తుంది కాబట్టి దానికి ఎక్కువ గౌరవంతో జవాబు చెప్పాలి. మనుషులు చేసిన పాపానికి చేపలను తొట్టిలో వేసి చంపడం ఏం ధర్మం? పరీక్షే వద్దు, అంటారు అహింసను నమ్మేవారు. నిజమే, అవసరం లేని పరీక్ష ఒక్కటీ చేయకూడదు. గుడ్డు దశలో ఉన్న పిండాలతో, తక్కువ సంఖ్యతో, చావుకు ముందే తెలిసిపోయే సూచనలతో పని జరిగితే అలాగే జరగాలి. కానీ పరీక్ష మానేసినంత మాత్రాన హింస ఆగదు. తొట్టిలో పది చేపలను వదలడానికి నిరాకరించిన చేతి కిందుగా పైపు నీళ్ళు చెరువులోకి పోతూనే ఉంటాయి. అక్కడ లెక్కపెట్టనివి చస్తాయి. హింస అంటే ఏమిటో చెబుతూ ఉమాస్వాతి తత్వార్థ సూత్రంలో అజాగ్రత్త వల్ల ప్రాణాలు తీయడమని నిర్వచించాడు. ఆ నిర్వచనంలో బరువంతా అజాగ్రత్త మీదే పడుతుంది. చూడగలిగి చూడకపోవడం, తెలుసుకోగలిగి తెలుసుకోకపోవడం అజాగ్రత్తే. అందుకే పరీక్ష చేయడం అహింసకు విరుద్ధం కాదు, చేయకపోవడమే విరుద్ధం కావచ్చు. అయితే ఇదే నిర్వచనం పరీక్ష చేసినవాడినీ వదలదు. పది చేపలు చచ్చాయని తెలిశాక, నివేదిక బీరువాలో పెట్టి పైపు మూయకపోతే, ఆ పది చావులకు ఇక ఏ సమర్థనా మిగలదు. తెలియక జరిగిన హింస కన్నా, తెలుసుకోవడానికి చేసి ఆ తెలివిని పక్కన పడేసిన హింస బరువైనది.

ఋణం అనే భావం ఇక్కడే పుడుతుంది. కోర్టులో సాక్షి చెప్పేది చూసినదాన్ని. తర్వాత ఇంటికి వెళ్ళిపోతాడు. ఉపనిషత్తులు చెప్పిన ఒకే చెట్టు మీది రెండు పక్షుల్లో ఒకటి పండు తింటుంది, రెండోది ఊరికే చూస్తుంది. చూసేదానికి ఏదీ అంటదు. చేప అలాంటి సాక్షి కాదు. తిన్నదీ అదే, సాక్ష్యం చెప్పిందీ అదే. దాని జ్ఞానం దాని బాధతోనే ఏర్పడింది. అలాంటి సాక్షి నుంచి మనం పొందినది సమాచారం మాత్రమే కాదు, ఆ ప్రాణి తన దేహంతో చెల్లించిన వెల కూడా. గృహస్థుడు రోజూ చేయాల్సిన అయిదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటని మన సంప్రదాయం చెప్పింది. మనిషి తినేది, తాగేది, కట్టేది మిగతా ప్రాణుల మీద ఆధారపడి ఉందని, దానికి ప్రతిగా వాటి వాటా వాటికి ఇవ్వాలని దాని అర్థం. జ్ఞానం కూడా అలా ఇంకో ప్రాణి మీద ఆధారపడి పొందినదైతే, దానికీ వాటా ఉండాలి. చేపకు మనం ఇవ్వగల వాటా ఒక్కటే, బతకగలిగే నీరు.

నది పవిత్రం, దానికి మైల అంటదు అనేది మరో మాట. మంజీరను గరుడగంగ అంటారు, గోదావరికి పుష్కరాలు చేస్తారు, అలాంటి నదిని రసాయనాలు ఏం చేస్తాయి అనే భక్తులు ఉన్నారు. వారి భక్తిని తక్కువ చేయను. కానీ పవిత్రత వేరు, శుభ్రత వేరు అని ధర్మశాస్త్రాలకే తెలుసు. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో నీళ్ళలో వేయకూడనివాటిని వరుసగా చెబుతూ మలమూత్రాలతో పాటు విషాన్నీ చేర్చింది. నదికి ఏమీ అంటదనుకుంటే ఆ నిషేధం అవసరమే లేదు. నది మన పాపాలు కడుగుతుందని నమ్మేవాడు, ఆ నమ్మకాన్ని కొత్త పాపానికి అనుమతిపత్రంగా వాడుకోలేడు. స్నానానికి దిగే మనిషి నమ్మకం నీటిని మార్చదు. అదే నీటిలో ఉన్న చేప మాత్రం నమ్మకంతో పనిలేకుండా నిజం చెబుతుంది. నది మీద నిజమైన భక్తి ఉన్నవాడు ఆ నిజాన్ని వినడానికి ముందు వరుసలో నిలబడాలి.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ జీవనోపాధి పేరుతో వస్తుంది. ఈ ఫ్యాక్టరీల్లో తయారైన మందులు పేద దేశాల్లో లక్షల మందిని బతికించాయి, ఇక్కడి ఊళ్ళలో వేలమందికి జీతాలు ఇచ్చాయి. చేపల కోసం వీటిని ఆపుతారా? ఆపమని ఎవరూ అడగడం లేదు. ఒక ప్రాణిని కాపాడే మందు ఇంకో ప్రాణిని చంపి తయారు కానక్కరలేదని మాత్రమే అడుగుతున్నారు. పైగా ఈ వాదం తన కాళ్ళు తానే నరుక్కుంటుంది. యాంటీబయాటిక్ అవశేషాలు నిండిన వాగు మట్టిలో, చెరువు నీటిలో ఆ మందులకు లొంగని బ్యాక్టీరియా, వాటి జన్యువులు పేరుకున్నాయని ఈ ప్రాంతం మీద 2011 నుంచి వచ్చిన పరిశోధనలు చూపాయి. అంటే మందును చవకగా అమ్మడానికి శుద్ధి ఖర్చు మిగుల్చుకుంటే, ఆ మందే రేపు రోగిపై పనిచేయకుండా పోయే దారి మనమే వేస్తున్నాం. చేపకూ రోగికీ మధ్య ఎంచుకోవాలన్న మాట తప్పు. వాగులో ఇద్దరి గతీ ఒక్కటే. ఇది తెలిసే కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలంలో పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా వెలువరించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. సాక్ష్యం వినపడింది, రాసుకోవడమూ జరిగింది, చివరికి చెరిపేయడమూ జరిగింది. నేను ఋణం అంటున్నది ఈ ఎగవేతను దృష్టిలో పెట్టుకునే.

చివరిగా, కర్త ఎవరన్న చిక్కు. తొంభై కంపెనీల నీరు ఒకే తొట్టిలో కలిశాక ఏ చుక్క ఎవరిదో చెప్పలేమంటారు. పాపం పంచుకున్న కొద్దీ ఎవరి వాటాకూ ఏమీ మిగలదన్నట్టు మాట్లాడతారు. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ 1990లో సుప్రీంకోర్టులో వేసిన పటాన్‌చెరు కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో ముగిసింది. మధ్యలో పొలాలు పాడైన రైతులకు నష్టపరిహారాలు వచ్చాయి. వాటికోసం పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు లాంటివారు దశాబ్దాలు పోరాడారు. పద్దెనిమిది కిలోమీటర్ల పైపులైను వేసి శుద్ధి కేంద్రం నీటిని అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి, అంటే మూసీ వైపుకు మళ్ళించారు. నక్కవాగుకు కొంత ఊరట దొరికి ఉండవచ్చు. కానీ సాక్షి ఉన్న చోటు నుంచి నీటిని తప్పించడం ఋణం తీర్చడం కాదు, అప్పును ఇంకో ఊరి పేర రాయడం. లాభం వాటాలుగా లెక్క తేల్చుకోగలిగిన చోట బాధ్యత వాటాలు తేలవనడం ధర్మం ఒప్పుకోదు. ప్రతి గేటు దగ్గర కలవక ముందే చేపల పరీక్ష పెడితే ఏ చుక్క ఎవరిదో తెలుస్తుంది. కలిపేశాక తెలియదనే వాదన, కలపకముందు తెలుసుకోవద్దనుకున్నందువల్లే నిలబడుతోంది.

శతపథ బ్రాహ్మణంలోని మత్స్య కథలో చిన్న చేప మనువు చేతిలోకి వచ్చి, నన్ను పెంచు, నిన్ను కాపాడతానంటుంది. మనువు ముందు దాన్ని కుండలో, తర్వాత గుంటలో, చివరికి సముద్రంలో కాపాడాడు. ప్రళయం తర్వాతే వచ్చింది. ఆ కథలో క్రమం ముఖ్యం. చేపను కాపాడినవాడికే రక్షణ దక్కింది. మనం ఆ క్రమాన్ని తెంచేశాం. హెచ్చరిక తీసుకుని కాపాడడం వాయిదా వేస్తున్నాం. క్రమాన్ని సరిదిద్దడం అంటే ఆచరణలో కొన్ని స్పష్టమైన పనులు. నక్కవాగు వెంట, మంజీరలో కలిసే చోట, దానికి ఎగువన ఆల్చిప్పల బోనులు పెట్టాలి. ప్రతి మూడు నెలలకూ వాటి ఫలితాలు కంపెనీలకూ కాలుష్య నియంత్రణ మండలికీ చేరే రోజే చెరువు మీద బతికే మత్స్యకార సంఘాలకూ గ్రామపంచాయతీ గోడకూ చేరాలి. ఫ్యాక్టరీ లైసెన్సు కొనసాగడం ఆ ఫలితం మీద ఆధారపడాలి, ఫలితం వచ్చి కూడా చర్య తీసుకోని అధికారి దానికి జవాబుదారీ కావాలి. ఇవి చేయలేమంటే, పరీక్షలు కూడా చేయకూడదు. ఎందుకంటే అప్పుడు మనం చేప దగ్గర తీసుకుంటున్నది సాక్ష్యం కాదు, ప్రాణమే. చేయగలమంటే, తొట్టిలో పోయిన ప్రతి ప్రాణానికీ వాగులో బతికే ప్రాణాలే బదులుగా నిలుస్తాయి. జ్ఞానానికి ధర్మం ఇచ్చిన కొలత అదే.